సగం పంచె

కంచెరపాడులో బ్రహ్మయ్యకు మూడు పేర్లున్నాయి. తల్లి పెట్టిన పేరు బ్రహ్మయ్య. విహారంలో పెద్ద భంతే, అంటే పెద్ద భిక్షువు, పెట్టిన పేరు ధమ్మసార. ఊరు పెట్టిన పేరు బోడి బ్రహ్మయ్య. మూడింటిలో నిలిచింది మూడోదే. ఊరి నోటికున్న బలం కన్నతల్లికీ లేదు, బుద్ధుడికీ లేదు.

నాపరాళ్ళ క్వారీలో పుట్టినవాడు బ్రహ్మయ్య. మాట వరసకు కాదు, నిజంగానే క్వారీ గట్టు మీది రేకుల పాకలో పుట్టాడు. ఏడో తరగతి పరీక్షలు రాసిన మర్నాడే తండ్రి అతని చేతికి సుత్తీ ఉలీ ఇచ్చాడు. నాపరాయి పొరలు పొరలుగా లేచే రాయి. ఉలి ఎక్కడ ఆనించాలో తెలిసినవాడికి పలకలా ఊడి వస్తుంది, తెలియనివాడికి పెచ్చులు మిగులుతాయి. ఆ కిటుకు బ్రహ్మయ్యకు ఏడాదిలో పట్టుబడింది. దాంతో పాటు ఇంకో జబ్బు కూడా పట్టుకుంది. తిరునాళ్ళలో మైకుల్లో మోగే నాటకాల పద్యాలు విని, వాటిని రాయి మీద దెబ్బకో ముక్క చొప్పున పాడేవాడు. ఒక్క మాటకు అర్థం తెలిస్తే ఒట్టు. రాగం మాత్రం వెంట్రుక వాసి పక్కకు పోయేది కాదు.

అతనికి పంతొమ్మిదేళ్ళప్పుడు చెన్నకేశవులు మాస్టారు తన ఇంటి వసారాకు రాళ్ళు ఎంచుకోవడానికి క్వారీకి వచ్చారు. హైస్కూల్లో తెలుగు పండితులు, పాతికెకరాల ఆసామి, ఎండాకాలమైనా చలికాలమైనా తెల్ల పంచె తప్ప ఇంకోటి కట్టని మనిషి. వచ్చిన పని మరిచిపోయి అరగంట సేపు ఎండలో నిలబడి విన్నారు.

"ఒరేయ్, నువ్వు పాడేదానికి అర్థం తెలుసా?"

"తెలవదండీ."

"తెలవకుండానే నా కళ్ళల్లో నీళ్ళు తెప్పించావు గదరా. తెలిస్తే ఏంజేస్తావో చూద్దాం. ఆదివారం ఇంటికి రా."

వెళ్ళాడు. ఒక ఆదివారం కాదు, పాతికేళ్ళ ఆదివారాలు వెళ్ళాడు. మాస్టారు వసారా మీద వాలుకుర్చీలో, అతను మెట్టు మీద. మాస్టారి భార్య బుల్లెమ్మ అతనికి టీ ఇచ్చే గ్లాసు గోడ గూట్లో విడిగా ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ ఆ గూట్లోనే పెట్టి పోవాలి. వసారాలో పరిచిన ప్రతి రాయీ అతను కొట్టి తెచ్చిందే, దాని మీద కాలు పెట్టే యోగం మాత్రం అతనికి లేదు. ఆ ఇంట్లో బ్రహ్మయ్యకు యతులూ ప్రాసలూ గణాలూ అన్నీ అడక్కుండానే దొరికాయి, మంచినీళ్ళు మాత్రం మెట్టు కిందనే దొరికాయి. మాస్టారికి ఇది తప్పని తెలియదా? తెలుసు. పెళ్ళాంతో పోట్లాడేంత తప్పని అనుకోలేదు. మంచివాళ్ళు కూడా అంతవరకే మంచివాళ్ళు.

అయితే ఒకటి. ఆయన జీవితంలో వందల పద్యాలు అల్లారు, కలెక్టర్ల మీదా స్వాములవార్ల మీదా అల్లారు. ఊరి మనిషి మీద అల్లింది ఒకే ఒకటి. ఒక ఆదివారం బ్రహ్మయ్య చేతి బొబ్బలు చూసి, అప్పటికప్పుడు ఆశువుగా చెప్పారు.

రాయి కొట్టు చేయి రాగమ్ము పలికించు
చెమట చుక్క వెంట చిందు పాట
నాపరాతి కింద నలిగిన విత్తైన
మొలక లెత్తు వాన ముద్దు లిడిన

"ఇది నీది. ఎక్కడా రాయను. నువ్వు పాడితేనే ఉంటది, లేకపోతే పోతది," అన్నారు. "మళ్ళీ దాన్ని ఉత్త మాటల్లాగా చదివేవు సుమా. రాగం లేకుండా పద్యం చెప్పేదానికన్నా రేషన్ కార్డు చదువుకోవడం మేలు."

ఆ మాట ఆయనొక్కరిదే కాదు. మాచర్ల నుంచి వినుకొండ దాకా ఎవరినైనా అడగండి. పద్యమంటే గొంతెత్తి, చివర సాగదీసి, అవతలి వీధికి వినబడేలా పాడాలి. పాడటం చేతగానివాడు నోరు మూసుకుని వినాలి. మధ్యేమార్గమన్నది ఈ గడ్డ మీద ఎవరికీ తెలియదు.

బ్రహ్మయ్య భార్య రోశమ్మ కూడా క్వారీ మనిషే. రాతి దుమ్ము మింగీ మింగీ నలభై ఏళ్ళకే ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. పిల్లల్లేరు. ఏడాది పాటు దగ్గి దగ్గి పోయింది. ఆమె పోయిన మూడు రోజులూ బ్రహ్మయ్య అన్నం ముట్టలేదు గానీ పాడటం మానలేదు. పిచ్చెక్కిందని ఊరు తీర్మానించింది. ఆ తర్వాత సాగర్ రోడ్డులో, కొండ పక్కన కొత్తగా కడుతున్న బౌద్ధ విహారానికి నాపరాళ్ళు పరిచే పని దొరికి వెళ్ళాడు. రెండు నెలల పని. నేల పరవడం అయిపోయింది, అతను మాత్రం తిరిగి రాలేదు. తను పరిచిన రాళ్ళ మీద ఎవరూ లేవగొట్టకుండా కూర్చోవడం అతనికి జన్మలో అదే మొదలు. గుండు చేయించుకుని, కాషాయం కట్టుకుని అక్కడే ఉండిపోయాడు.

శీలాలనే భిక్షువుల నియమాలు కష్టమంటారు. బ్రహ్మయ్యకు ఏం కష్టం? మధ్యాహ్నం దాటితే తినకూడదన్నారు, క్వారీలో రెండో పూట ఎవడు పెట్టాడు? మెత్తటి పరుపు కూడదన్నారు, నవ్వొచ్చింది. బంగారం ముట్టకూడదన్నారు, రోశమ్మ పుస్తెలు కూడా ఆస్పత్రికే పోయాయి. ఒక్క నియమం దగ్గర మాత్రం అతని గుండె ఆగింది. గానం కూడదు. వదులుకోవడానికి అతని దగ్గర ఉన్నది ఆ ఒక్కటే. దాన్ని వదిలేశాడు. వదిలాడు కాబట్టే దాన్ని తలచుకుని లోలోపల మీసం మెలేసేవాడు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన చదువుకున్న భిక్షువుల కన్నా నేనే ఎక్కువ వదిలాననుకునేవాడు. గర్వానికి గుండు కొట్టించే మంగలి ఇంకా పుట్టలేదు.

ఆరేళ్ళు గడిచాయి. పోయిన వేసవిలో మాస్టారికి గొంతు క్యాన్సర్ వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేసి గొంతులో మాట పుట్టే చోటునే కోసి తీసేశారు. అరవై ఏళ్ళు పద్యం పాడిన గొంతు నుంచి ఇప్పుడు గాలి మాత్రమే వచ్చేది. ఎనభై రెండేళ్ళ మనిషి, బడిపిల్లాడిలా మళ్ళీ పలక పట్టుకున్నారు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించాలి.

ఆశ్వయుజంలో ఒకరోజు పొద్దున్నే, ఊళ్ళో ఆటో తోలే సర్దార్ బండిలో మాస్టారూ బుల్లెమ్మా విహారానికి వచ్చారు. ఆటో తిరిగి కదలనంది. సర్దార్ ఏదో సామాను కోసం మాచర్ల వెళ్ళాడు. మాస్టారు వేపచెట్టు కింద కూర్చుని పలక మీద రాశారు. బుల్లెమ్మకు చదువు రాదు. పలక తీసుకొచ్చి బ్రహ్మయ్య ముందు పెట్టింది.

'నా గొంతు పోయింది. నీ పద్యం ఒక్కసారి వినాలి.'

పద్యం బ్రహ్మయ్య పెదవుల దాకా వచ్చింది. అంతలోనే ఆరేళ్ళ గొప్ప అడ్డం పడింది.

"శీలం తీసుకున్నాను మాస్టారూ. గానం కూడదు."

మాస్టారు తుడిచి మళ్ళీ రాశారు. 'ఒక్కసారి.'

అప్పుడైనా ఊరుకోవచ్చు గదా. ఊరుకోలేదు. చావు ముందు కూర్చున్న మనిషికి ధర్మం చెప్పాడు. "కోరికే దుఃఖానికి మూలం మాస్టారూ. వినాలన్న కోరిక వదిలేస్తే మీకే హాయి." మాస్టారు పంచె చెంగుతో పలక తుడిచి, 'మంచిది' అని రాసి, ఒళ్ళో బోర్లించుకున్నారు. సర్దార్ వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటా ముగ్గురూ చెట్టు కిందే ఉన్నారు. బ్రహ్మయ్య కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చున్నాడు. మాస్టారు కళ్ళు తెరుచుకుని అతన్నే చూస్తూ కూర్చున్నారు.

మాఘంలో మాస్టారు పోయారు. కబురు చెప్పింది కూడా సర్దారే. "పోయాడు సామీ మీ అయ్యవారు. తెల్లారుజామున. పదకొండింటికి ఎత్తుతారంట," అని ఆటో ఆపకుండానే చెప్పి పోయాడు. బ్రహ్మయ్య చెప్పుల్లేకుండా ఏడు మైళ్ళు నడిచాడు. నడుస్తూ ఒకటే అనుకున్నాడు. పద్యం ఎలాగూ బాకీ పడ్డాను, ఆయనది ఏదో ఒకటి ఒంటి మీద వేసుకుని బతికినంత కాలం మొయ్యాలి. అంతకు మించి ఇంక తను చేయగలిగింది లేదు.

వెళ్ళేసరికి ఇంటి ముందు ఫ్లెక్సీ లేచింది. 'అశ్రునివాళి' అన్న అక్షరాల కింద మాస్టారి బొమ్మ అరచేయంత, కొడుకు ధనుంజయరావు బొమ్మ తలుపంత. వచ్చే ఎన్నికల్లో ఎంపీపీ పదవి మీద అతని కన్నుంది. శవం మీద, మాస్టారికి సన్మానాల్లో కప్పిన శాలువాలన్నీ పరిచారు. నాయకులు వచ్చారు, ఫొటోలు దిగారు. ఫొటోలు అవగానే ధనుంజయరావు కూతురు భార్గవి శాలువాలు మడతపెట్టి బీరువాలోకి చేరవేసింది.

"అబ్బ, పొద్దున్నే బోడిగుండు ఎదురొచ్చింది," అన్నాడొకడు.

"ఇంక వస్తే ఏంది? జరగాల్సింది జరిగే పోయిందిగా," అన్నాడు ఇంకొకడు. చావింట్లో నవ్వకూడదని గుర్తొచ్చి ఇద్దరూ దగ్గారు.

బ్రహ్మయ్య శవానికి దూరంగా, తన మెట్టు దగ్గరే నిలబడ్డాడు. భిక్షువు ఏడవకూడదని అతనికెవరూ చెప్పలేదు. అయినా ఏడవలేదు, ఊరు చూస్తోంది.

శవానికి స్నానం చేయించారు. మాస్టారు ప్రాణం వదిలినప్పుడు కట్టుకున్న తెల్ల పంచె తీసి గోడవారన పడేశారు. కొత్త పంచె కట్టారు. దవడ జారకుండా తెల్ల గుడ్డతో తల చుట్టూ కట్టు కట్టారు. బ్రహ్మయ్య చూపు గోడవారన పడ్డ పంచె మీద నిలిచింది. జనం పారేసిన గుడ్డ, చచ్చినవాళ్ళ ఒంటి మీది గుడ్డ ఏరుకుని, ఉతికి, ముక్కలు కుట్టి చీవరంగా కట్టుకుంటే, బుద్ధుడి నాటి నుంచీ భిక్షువులకు అదే అన్నిటికన్నా గౌరవమైన వస్త్రం. పాంసుకూలం అంటారు దాన్ని. బంగారు జరీ శాలువా కన్నా అది ఎక్కువ వాళ్ళకు. ఊరికి అది పీనుగ గుడ్డ, అంతే.

ఆ ఇంటి బట్టలుతికే ఆదెమ్మ పంచె తీసుకోబోతుంటే నెమ్మదిగా అడిగాడు.

"తీసుకో సామీ. నేనేం జేసుకుంటా? మావోడు బండి తుడుచుకుంటాడు," అంది ఆదెమ్మ.

అక్కడితో తీసుకుని వచ్చేస్తే కథ లేదు. కానీ ఇవ్వనిదాన్ని ముట్టుకోకూడదన్న నియమం ఒకటుంది. ఇంటివాళ్ళు ఇచ్చినట్టు కాదేమోనని అతనికి అనుమానం వచ్చింది. నలుగురు నాయకుల మధ్య కూర్చున్న ధనుంజయరావు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

"బాబూ, మాస్టారి పాత పంచె దానం అడుగుతున్నాను. చీవరం కుట్టుకుంటాను."

ధనుంజయరావు ఎగాదిగా చూశాడు. "ఏందిరా బ్రహ్మిగా, పీనుగ గుడ్డ అడుక్కోడానికి వచ్చావా? మీ బుద్ధుడు బట్ట కూడా పెట్టడంట్రా?"

నాయకులు నవ్వారు. నవ్వు వినేసరికి అతనికి హుషారొచ్చింది. హుషారు వెనక ఇంకొకటి కూడా ఉంది, అది యాభై ఏళ్ళ నాటిది. "నాకు ఒక పాదం తప్పు పోతే బెత్తం విరిగిందాకా కొట్టాడు మా నాన్న. ఈ బండలోడికి మాత్రం పాతికేళ్ళు కూర్చోబెట్టి నేర్పాడు. వీడి మీద పద్యం కూడా కట్టాడంట. నామీద కట్టలా. ఏదీ, పాడు. పాడితే ఇస్తా."

"నేను పాడకూడదు బాబూ."

"అయితే పో. ఆదెమ్మా, ఆ గుడ్డ తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టు."

ఆదెమ్మ పంచె చేతిలోకి తీసుకుంది. అది కాలిపోతే మాస్టారిది తనకింక ఏదీ మిగలదు. ఆరేళ్ళ శీలం ఒకవైపు, మురికి పంచె ఒకవైపు. బ్రహ్మయ్య శవం వైపు తిరిగి నిలబడ్డాడు. పదీ పదిహేను ఫోన్లు పైకి లేచాయి.

"రాయి కొట్టు చేయి..."

ఆరేళ్ళుగా వాడని గొంతు, అయినా రాగం తన దారి తను పట్టింది. మొదటి పాదం వీధి చివరి దాకా వెళ్ళింది. నవ్వేవాళ్ళు నవ్వు ఆపారు. రెండో పాదం అయ్యేసరికి ఆదెమ్మ కళ్ళు ఒత్తుకుంది.

"నాపరాతి కింద... నలిగిన..."

అప్పుడు చూశాడు, మాస్టారి దవడకు కట్టిన కట్టు. పద్యం తప్పు పోతే అందించే నోటిని గుడ్డతో కట్టేశారు. బ్రహ్మయ్య నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు. "నలిగిన..." అన్నాడు మళ్ళీ. మళ్ళీ అదే. తన పద్యం, తన ఒక్కడి పద్యం, ప్రపంచంలో ఇంకెవరికీ రాని పద్యం, అక్కడ ఆగిపోయింది.

మొదట ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ నవ్వారు. ధనుంజయరావు లేచి వచ్చి, ఆదెమ్మ చేతిలోంచి పంచె లాక్కుని, రెండు చేతులా పట్టుకుని నిలువునా సగానికి చింపాడు.

"సగం పద్యానికి సగం పంచె. లెక్క సరిపోయిందిగా? పో."

ముక్క వచ్చి బ్రహ్మయ్య పాదాల మీద పడింది. వంగి తీసుకున్నాడు. తల ఎత్తేసరికి, శవం తల దగ్గర కూర్చున్న బుల్లెమ్మ అతన్నే చూస్తోంది. పొద్దుటి నుంచి ఆమె ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడింది, గట్టిగా కూడా కాదు.

"ఆయన పలక మీద రాసి అడుక్కుంటే పాడలా. గుడ్డకు పాడావా బ్రహ్మయ్యా?"

కొడుకు చేసిన పని అవమానం. అవమానాలు బ్రహ్మయ్యకు కొత్తా? అవి దుమ్ములాంటివి, దులుపుకుంటే పోతాయి. బుల్లెమ్మ అన్నది నిజం. అతను వాకిలి దాటాడు. వెనక డప్పులు మొదలయ్యాయి.

విహారానికి వచ్చి, సగం పంచెను బావి దగ్గర ఉతికాడు. తుమ్మ బెరడు దంచి కుండలో వేసి, నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. చీవరానికి రంగు అలాగే వేస్తారు. పెద్ద భంతే వచ్చి పక్కన రాతి మీద కూర్చున్నారు. ఆయనది నాగపూర్ వైపు. తెలుగు పుస్తకంలో చూసి నేర్చుకున్నట్టు మాట్లాడతారు. బ్రహ్మయ్య ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. వేపచెట్టు కింద జరిగింది కూడా చెప్పాడు. ఇన్నాళ్ళూ అది బాకీ అనుకున్నాడు గానీ తప్పనిపించక చెప్పలేదు.

"పాడటం తప్పే. ఒప్పుకున్నావు, అది తీరిపోయింది," అన్నారు పెద్ద భంతే. "నాకు అర్థం కానిది వేరే ఉంది. ఆ రోజు రోగి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"గానం కూడదు గదా భంతే."

"గానం వద్దన్నాము. చెప్పవద్దన్నామా? ఉదయం మనం సూత్రాలు చదువుతాము. అలాగే మామూలుగా, మాటలాగా చెప్పవచ్చు కదా. అందులో ఏ శీలం పోతుంది?"

బ్రహ్మయ్య వెర్రిమొహం వేసుకుని ఆయన్నే చూశాడు. పద్యాన్ని మాటలాగా చెప్పడమా? పల్నాడులో పుట్టి, పాతికేళ్ళు పద్యం నేర్చుకున్న అతనికి ఆ ఆలోచన కలలో కూడా రాలేదు. పాడాలి, లేదా నోరు మూసుకోవాలి. మూడో దారి ఒకటుందని, పద్యమంటే ఏమిటో తెలియని నాగపూర్ మనిషి చెప్పాలా?

"ఏదీ, ఇప్పుడు చెప్పు. వింటాను," అన్నారు భంతే.

బ్రహ్మయ్య పొయ్యి వైపు చూస్తూ చెప్పాడు. రాగం లేదు, సాగదీత లేదు. రేషన్ కార్డు చదివినట్టే చెప్పాడు. రాయి కొట్టు చేయి దగ్గర మొదలైంది, నాపరాతి కింద నలిగిన విత్తు దగ్గర ఆగలేదు, వాన ముద్దుల దగ్గర పూర్తయింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. కుండలో నీళ్ళు ఇంకా గోరువెచ్చన కూడా కాలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది భంతే. ఇంతే."

వేపచెట్టు కింద మాస్టారు గంట సేపు కూర్చున్నారు. గంటలో ఆ పద్యం వందసార్లు చెప్పొచ్చు. బ్రహ్మయ్య సగం పంచెను మొహానికి అడ్డం పెట్టుకుని, రోశమ్మ పోయినప్పుడు కూడా ఏడవని ఏడుపు ఏడ్చాడు. పెద్ద భంతే వద్దనలేదు. కాసేపు చూసి, పొయ్యిలో ఇంకో కట్టె వేసి లోపలికి వెళ్ళిపోయారు.